బంతి మీద కన్ను

మా రామన్నపేట బడి మైదానంలో సాయంత్రం క్రికెట్టు ఆట మొదలైతే ఒక కేక తప్పకుండా వినబడుతుంది: "బంతిని చూడరా! చివరిదాకా చూడు!" బ్యాటు పట్టినవాడు ఔటయితే చాలు, చుట్టూ ఉన్న పదిమందీ ఇదే మాట అంటారు. నేనూ అన్నాను.

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకనికి ఈ మాట చాలాసార్లు చెప్పాను. బంతి దాటిపోయిన తరువాత అతను బ్యాటు ఊపేవాడు. ఒకరోజు ప్రయోగశాలలో నా దగ్గరికి వచ్చి, "సార్, కండ్లకు కసరత్తు చేస్తే బంతి మంచిగ కనవడ్తదంట. ఫోన్ల చూపిస్తున్నరు. పైసలు కట్టాలెనంట. నిజమేనా సార్?" అని అడిగాడు. చేతికి కసరత్తు చేస్తే కండ పెరుగుతుంది గదా, కంటికి చేస్తే చూపెందుకు పెరగదని అతని ఉద్దేశం. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. "చూసి చెబుతాను" అన్నాను. ఈ పాఠం ఆ జవాబే.

బంతికి ఎంతసేపు పడుతుంది?

ముందు లెక్క చేద్దాం. పిచ్ పొడవు 22 గజాలు, అంటే సుమారు 20 మీటర్లు. అయితే బౌలరు క్రీజు నుండి బ్యాట్స్‌మన్ క్రీజు వరకు ఉన్న దూరం 17.7 మీటర్లే. మీ బడిలో కాస్త వేగంగా వేసేవాడి బంతి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకోండి. అంటే సెకనుకు 20 మీటర్లు. 17.7ను 20తో భాగిస్తే సుమారు 0.9 సెకను. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసే పెద్ద బౌలరు బంతికయితే 0.45 సెకను. బంతి నేలను తాకినప్పుడు కొంత వేగం పోతుంది కనుక, ఇంకొంచెం ఎక్కువ. మొత్తం మీద అర సెకను!

ఇక మన శరీరం ఎంత వేగంగా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

ప్రయోగం 1. ఒక 30 సెంటీమీటర్ల స్కేలును మీ స్నేహితుడు పై కొనదగ్గర పట్టుకొని వేలాడదీయాలి. సున్నా గుర్తు దగ్గర మీరు బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. స్కేలు తగలకూడదు. అతను చెప్పకుండా వదిలేస్తాడు. మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూసి, కింది పట్టికలో కాలం తెలుసుకోండి. స్వేచ్ఛగా పడే వస్తువుల సూత్రం నుండి ఈ విలువలు వచ్చాయి.

10 సెం.మీ. – 0.14 సెకను
15 సెం.మీ. – 0.17 సెకను
20 సెం.మీ. – 0.20 సెకను
25 సెం.మీ. – 0.23 సెకను
30 సెం.మీ. – 0.25 సెకను

పదిసార్లు చేసి సగటు తీయండి. మీలో ఎక్కువమందికి 0.2 సెకను దగ్గర వస్తుంది. కంటి నుండి మెదడుకు, మెదడు నుండి చేతికి వార్త పోవడానికి పట్టే ఈ కాలాన్ని ప్రతిచర్యా కాలం అంటారు.

మరి గొప్ప ఆటగాళ్లకు ఈ కాలం చాలా తక్కువ ఉంటుందా? ఇంగ్లండులో పీటర్ మెక్‌లియాడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్షించి 1987లో ప్రకటించాడు. చాప పిచ్ కింద సన్నని కర్ర బద్దలు పెట్టి, బంతి ఎటు తిరుగుతుందో ముందుగా తెలియకుండా చేశాడు. బంతి నేలను తాకి తిరిగిన తరువాత 0.2 సెకను గడిచేదాకా అనుభవం ఉన్న బ్యాట్స్‌మన్లు కూడా తమ దెబ్బను మార్చుకోలేకపోయారు. అంటే వాళ్ల నరాలకూ మన నరాలకూ పెద్ద తేడా లేదు. తేడా మరెక్కడో ఉంది.

కన్ను ఎలా వెంబడిస్తుంది?

కంటి వెనుక భాగంలో నేత్రపటలం ఉందని మీరు చదువుకున్నారు. అందులో స్పష్టంగా కనబడే చోటు చాలా చిన్నది. చేయి చాచి బొటనవేలి గోరును చూడండి. సుమారుగా ఆ గోరు ఆక్రమించినంత మేరలోనే మనకు సన్నని వివరాలు స్పష్టంగా కనబడతాయి. కనుక కదిలే వస్తువు ప్రతిబింబం ఆ చోట నిలిచేటట్టు కన్ను తిరుగుతూ ఉండాలి. ఒక్కొక్క కనుగుడ్డును ఆరు కండరాలు తిప్పుతాయి. అవి రెండు రకాలుగా పనిచేస్తాయి.

ప్రయోగం 2. స్నేహితుడి ముఖం ముందు మీ వేలిని ఎడమ నుండి కుడికి మెల్లగా జరపండి. వేలినే చూడమనండి. అతని కళ్ళు నూనె రాసినట్టు సాఫీగా జరుగుతాయి. ఇది వెంబడించే చూపు. ఇప్పుడు వేలు తీసేసి, అదే విధంగా గోడ మీద చూపును మెల్లగా జరపమనండి. కళ్ళు సాఫీగా జరగవు! చిన్న చిన్న గంతులు వేస్తాయి. ఇది దూకే చూపు. వెంబడించడానికి వస్తువు లేకపోతే కన్ను దూకడమే గాని జారలేదు.

ఈ రెండూ కలిసి పనిచేయడం చూడాలంటే, చిట్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చొని బయట చెట్లు చూస్తున్నవారి కళ్ళను గమనించండి. చెట్టుతోపాటు కళ్ళు మెల్లగా వెనక్కు జరుగుతాయి, చటుక్కున ముందుకు దూకుతాయి, మళ్ళీ జరుగుతాయి.

ప్రయోగం 3. అద్దం ముందు నిలబడి మొదట మీ ఎడమ కంటిని, తరువాత కుడి కంటిని చూసుకోండి. మీ కళ్ళు కదలడం మీకు కనబడిందా? పక్కనున్నవాడికి కనబడుతుంది, మీకు కనబడదు. చూపు దూకే ఆ కొద్ది క్షణంలో మెదడు దృశ్యాన్ని దాదాపు పక్కన పెట్టేస్తుంది.

"చివరిదాకా చూడు" – సాధ్యమేనా?

ఇప్పుడు అసలు లెక్క. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో నేరుగా వస్తూ, మీ కంటికి ఒక మీటరు పక్కగా దాటిపోతుందనుకోండి. లెక్క తేలిక కావడానికి దారి సరళరేఖ అనుకుందాం. దాన్ని చూస్తూ ఉండాలంటే కన్ను సెకనుకు ఎన్ని డిగ్రీల వేగంతో తిరగాలి?

బంతి 10 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు – 11 డిగ్రీలు
5 మీటర్లు – 44 డిగ్రీలు
3 మీటర్లు – 115 డిగ్రీలు
1 మీటరు – 573 డిగ్రీలు
సరిగ్గా పక్కన – 1,146 డిగ్రీలు

వెంబడించే చూపు సెకనుకు కొన్ని పదుల డిగ్రీల వరకు సుఖంగా పోగలదు. నూరు దాటితే వెనుకబడిపోతుంది. అంటే మూడు మీటర్ల దూరం వరకు బంతిని చూడగలం. ఆ తరువాత అది చూపునుండి జారిపోతుంది.

అయితే నష్టమేమిటి? చివరి మూడు మీటర్లు దాటడానికి ఆ బంతికి 0.15 సెకను చాలు. మన ప్రతిచర్యా కాలం 0.2 సెకను. కనుక ఆ చివరి మూడు మీటర్లలో ఏమి చూసినా, దాన్నిబట్టి బ్యాటు మార్చడానికి వ్యవధి లేదు! నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉండాలి. అందుచేత "చివరిదాకా చూడు" కన్నా "మొదటినుండీ చూడు" అనడమే సరైన సలహా. మా అబ్బాయికి నేను చెప్పిన సలహాలో ఉన్న లోపం ఇదే.

నేర్పుగల కళ్ళు ఎక్కడ చూస్తాయి?

2000లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియాడ్ ఒక పరిశోధన ప్రకటించారు. ముగ్గురు బ్యాట్స్‌మన్లకు తలమీద చిన్న కెమెరా అమర్చి, యంత్రం విసిరే బంతులను ఆడించారు. ఆ ముగ్గురి నేర్పు మూడు స్థాయిలది. ముగ్గురూ బంతిని ఆసాంతం వెంబడించలేదు! బంతి బయలుదేరే చోటును చూశారు. కొంతసేపటికి వారి చూపు బంతిని వదిలి, అది ఎక్కడ టప్పా పడుతుందో ఆ చోటికి ముందుగానే దూకింది. బంతి వచ్చి అక్కడ పడేదాకా కాచుకొని ఉంది. పడ్డాక సుమారు 0.2 సెకను వరకు మళ్ళీ వెంబడించింది. అందరికన్నా నేర్పరి చూపు అందరికన్నా ముందుగా దూకింది.

గడసరి పిల్లి ఎలుక వెనుక పరుగెత్తదు, కలుగు దగ్గర కాచుకుంటుంది. నేర్పుగల కన్ను చేసే పనీ అంతే.

2013లో డేవిడ్ మాన్, అతని సహచరులు ఆస్ట్రేలియా ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనలో మరొక సంగతి తెలిసింది. మేటి బ్యాట్స్‌మన్లు కళ్ళు మాత్రమే గాక తలను కూడా బంతితోపాటు తిప్పుతారు. చూపును బంతి, బ్యాటు కలుసుకొనే చోటికి కూడా ముందే దూకిస్తారు.

ఇంకొక విషయం. నేర్పరులు బంతి చేయి వదలక ముందే బౌలరు మణికట్టును, చేతిని చూసి బంతి రకాన్ని కొంతవరకు పసిగడతారు. ఇదంతా కంటి కండరాల బలం కాదు. ఎక్కడ, ఎప్పుడు చూడాలో మెదడుకు అబ్బిన అలవాటు.

ఒంటికంటితో హైదరాబాదులో

దీనికి మన కళ్ళ ముందున్న ఉదాహరణ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. 1961 జూలై 1న ఇంగ్లండులోని హోవ్ పట్టణంలో కారు ప్రమాదం జరిగి, గాజు ముక్క గుచ్చుకొని అతని కుడి కంటి చూపు దాదాపు పోయింది. వయసు ఇరవై ఏళ్ళు. గ్లాసులో నీళ్ళు పోయబోతే పక్కన పడేవి.

ప్రయోగం 4. రెండు పెన్సిళ్లను చెరొక చేత అడ్డంగా పట్టుకొని, మొనలు ఎదురెదురుగా ఉంచి, ఒక కన్ను మూసి మొనకు మొన తాకించండి. తరువాత రెండు కళ్ళతో చేయండి. తేడా తెలుస్తుంది. రెండు కళ్ళూ ఒకే వస్తువును కొంచెం వేర్వేరు చోట్లనుండి చూస్తాయి. ఆ తేడాను బట్టి మెదడు దగ్గరి వస్తువుల దూరం లెక్క కడుతుంది.

ప్రమాదం జరిగిన ఏడే పటౌడీ హైదరాబాదులో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద ఆడాడు. దెబ్బతిన్న కంటికి కాంటాక్టు లెన్సు పెట్టుకుంటే ఒక బంతికి రెండు బంతులు కనబడ్డాయి. వాటిలో లోపలివైపు బంతినే నమ్మి టీ విరామం వరకు 35 పరుగులు చేశాడు. తరువాత లెన్సు తీసేసి, ఆ కన్ను మూసుకొని 70 పూర్తిచేశాడు. ఆ డిసెంబరులో ఢిల్లీలో మొదటి టెస్టు ఆడాడు. 1962 జనవరిలో మద్రాసులో 103 పరుగులు చేశాడు. ఆ మార్చిలో 21వ ఏట భారత జట్టుకు నాయకుడయ్యాడు. తరువాతి కాలంలో రంజీ పోటీల్లో మన హైదరాబాదు జట్టుకు, జయసింహ నాయకత్వంలో ఆడాడు. మొత్తం 46 టెస్టులు, 2,793 పరుగులు. అన్నీ ప్రమాదం తరువాతివే!

ఒక కంటితో దూరం ఎలా తెలిసింది? బంతి దగ్గరయ్యేకొద్దీ దాని ప్రతిబింబం పెరుగుతుంది. 18 మీటర్ల దూరంలో క్రికెట్టు బంతి పున్నమి చంద్రుడి వెడల్పులో సగమే ఉంటుంది. 9 మీటర్లలో చంద్రుడంత అవుతుంది. నాలుగున్నర మీటర్లలో దానికి రెట్టింపు. ఈ పెరుగుదలే "ఇంకెంత సేపట్లో వస్తుంది" అన్నది చెబుతుంది. దీన్ని చదవడానికి ఒక కన్నయినా చాలు. అయితే పటౌడీ కూడా ఆ నష్టాన్ని సాధనతో కొంత పూడ్చుకున్నాడే గాని, నష్టం లేకుండా పోలేదు. కనుక కన్ను మూసుకొని గట్టి బంతితో ప్రయత్నించకండి.

మరి కంటి కసరత్తులు?

చార్టు మీద అక్షరాలు వేగంగా చదవడం, చుక్కలవెంట కళ్ళు తిప్పడం, వెలిగే దీపాలను తాకడం – ఇటువంటి కసరత్తులు మనల్ని మంచి ఆటగాళ్లను చేస్తాయా? బ్రూస్ అబర్నెతీ, జోవాన్ వుడ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 2001లో ప్రకటించిన ప్రయోగంలో నాలుగు గుంపులు ఉన్నాయి. రెండు గుంపులు రెండు రకాల కంటి కసరత్తులు చేశాయి. మూడవది టెన్నిస్ గురించి చదివి, టీవీలో ఆట చూసింది. నాలుగవది మామూలు సాధన తప్ప వేరే ఏమీ చేయలేదు. చివర పరీక్షిస్తే అన్ని గుంపులూ కొంత మెరుగయ్యాయి. కసరత్తు చేసినవారు ప్రత్యేకంగా ముందుకు పోలేదు.

అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ జట్టు 2011లో కంటి శిక్షణ తీసుకోగా, జట్టు బ్యాటింగ్ సగటు 0.251 నుండి 0.285కు పెరిగింది. మంచిదే. అయితే ఆ జట్టులోనే శిక్షణ తీసుకోని సగంమందిని పక్కన పెట్టి పోల్చలేదు. పెరుగుదల శిక్షణ వల్లనో, ఒక ఏడు వయసు పెరగడం వల్లనో ఎలా తెలుస్తుంది? పోల్చడానికి మరొక గుంపు లేనిదే ఏ మందునూ, ఏ కసరత్తునూ నమ్మరాదు. ఎరువు వేసిన మడి పక్కన వేయని మడి ఉంటేనే గదా ఎరువు గుణం తెలిసేది!

మీరు చేయగల సాధనలు

అన్నీ టెన్నిస్ బంతితోనే చేయండి. డబ్బు కట్టవలసిన పని లేదు.

1. రంగు చెప్పడం: కొన్ని బంతుల మీద ఎరుపు, కొన్నింటి మీద నీలం, కొన్నింటి మీద నలుపు చుక్కలు పెద్దవిగా పెట్టండి. బౌలరు ఏది వేస్తాడో చెప్పడు. టప్పా పడేలోపల రంగు పేరు చెప్పి, తరువాత ఆడాలి. దీంతో చూపు బౌలరు చేతి దగ్గరే మొదలవుతుంది.

2. టప్పా చెప్పడం: బ్యాటు లేకుండా వికెట్ల వెనుక దూరంగా నిలబడండి. బంతి చేయి వదలగానే కళ్ళముందు అట్ట అడ్డం పెట్టుకొని, ఎక్కడ పడుతుందో చెప్పండి. మరొకరు పడిన చోట గుర్తు పెట్టాలి. ఇరవై బంతులకు ఎన్ని సరిపోయాయో రాసుకోండి.

3. తల తిప్పడం: పది అడుగుల దూరంనుండి మెల్లగా విసిరిన బంతిని, ముక్కు బంతివైపే ఉండేటట్టు తల తిప్పుతూ పట్టుకోండి.

4. సన్నని కర్ర: ఆస్ట్రేలియాలోని బౌరల్ ఊరిలో చిన్ననాటి బ్రాడ్‌మన్, నీళ్ళ ట్యాంకు కింది ఇటుక దిమ్మెకు గోల్ఫ్ బంతి విసిరి, తిరిగి వచ్చిన బంతిని వికెట్టు కర్రతో కొట్టేవాడు. మీకు రబ్బరు బంతి, గోడ, ఒక కర్ర చాలు.

5. రకరకాల బౌలర్లు: పొట్టి, పొడుగు, ఎడమచేతివాటం, మెల్లగా తిప్పేవారు – అందరి బంతులూ ఆడండి. కన్ను నేర్చుకొనేది చేతులను చూసే.

వీటిని నేను చెప్పానని నమ్మకండి. పన్నెండుమందిని చీటీలు తీసి రెండు జట్లు చేయండి. ఒక జట్టు రోజూ పావుగంట ఈ సాధనలు చేయాలి. రెండవది అంతే సేపు మామూలుగా ఆడాలి. మొదటి రోజు, నాలుగు వారాల తరువాత మరొక రోజు, ఒక్కొక్కరికి 24 బంతులు వేయండి. బంతికి సుద్దపొడి రాస్తే బ్యాటు మీద మచ్చ పడుతుంది. మచ్చ బ్యాటు నడుమ పడినవే లెక్కించండి. ఏ జట్టు ఎవరిదో తెలియనివారు లెక్కిస్తే మరీ మంచిది.

అన్నిటికన్నా ముందు చేయవలసింది

మా అబ్బాయి సంగతి చెప్పలేదు. పై సాధనల్లో మొదటిది చేయిస్తే, పెద్ద పెద్ద రంగు చుక్కలు కూడా అతనికి తెలియలేదు. అనుమానం వచ్చి మరునాడు తరగతిలో గమనించాను. నల్లబల్ల మీది అక్షరాలు పక్కవాడి నోటుపుస్తకంలో చూసి రాసుకుంటున్నాడు! మూడేళ్ళుగా అట్లాగే రాసుకుంటున్నాడట. అది అల్లరి అనుకొని నేనే రెండుసార్లు మందలించాను కూడా.

కంటి వైద్యుడు హ్రస్వదృష్టి అని చెప్పి, మైనస్ మూడు కటకాలు రాసి ఇచ్చాడు. హ్రస్వదృష్టిలో దూరపు వస్తువు ప్రతిబింబం నేత్రపటలానికి ముందే ఏర్పడుతుంది. పుటాకార కటకం దాన్ని వెనక్కు జరుపుతుంది. ఏ కసరత్తూ ఆ పని చేయలేదు. కొద్దిపాటి మసక ఉన్నా అనుభవజ్ఞులు బాగానే ఆడగలరని, మసక బాగా పెరిగినప్పుడే ఆట దెబ్బ తింటుందని డేవిడ్ మాన్ బృందం 2007లో చూపింది. మా అబ్బాయిది ఆ బాగా పెరిగిన మసక.

మీ తరగతిలో మీరే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. మూడు పళ్ళ దువ్వెన ఆకారాన్ని నల్ల సిరాతో గీయండి. ఎత్తు, వెడల్పు 9 మిల్లీమీటర్లు. ఒక్కొక్క పన్ను మందం, పళ్ళ మధ్య సందు సుమారు 1.8 మిల్లీమీటర్లు. మంచి వెలుతురులో 6 మీటర్ల దూరంనుండి, ఒక్కొక్క కంటితో విడివిడిగా, పళ్ళు ఎటువైపు ఉన్నాయో చెప్పాలి. చెప్పలేనివారు కంటి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు, అనుమానాన్ని తెలిపే పరీక్ష మాత్రమే. మన రాష్ట్రంలో 2018లోను, మళ్ళీ 2023లోను కంటి వెలుగు శిబిరాలు ఊరూరా జరిగి ఉచితంగా కళ్ళద్దాలు ఇచ్చారు. అయినా మీ వయసులో చూపు ఏడాదిలోనే మారవచ్చు. ఒకసారి బాగుందన్నారని ఊరుకోరాదు.

కళ్ళద్దాలు వచ్చిన మొదటి వారమే అతను బంతులన్నీ కొట్టాడని రాయాలని నాకూ ఉంది. కాని అట్లా జరగలేదు. బంతి కనబడింది గాని, ఎక్కడ చూడాలో ఇంకా తెలియలేదు. రంగులు చెప్పడం, టప్పా చెప్పడం రెండు నెలలు చేశాడు. ఇప్పుడు బంతి దాటిపోయాక బ్యాటు ఊపడం లేదు. ఔటవుతున్నాడు, అందరిలాగే. నల్లబల్ల మీది అక్షరాలు మాత్రం తన చోటనుండే చదివి రాసుకుంటున్నాడు.

ఆలోచించండి

1. బంతి వేగం సెకనుకు 30 మీటర్లయితే, చివరి 0.2 సెకనులో అది ఎంత దూరం పోతుంది?
2. సాయంత్రం వెలుతురు తగ్గినప్పుడు బంతిని ఆడడం ఎందుకు కష్టమవుతుంది?
3. మీ తరగతిలో నల్లబల్ల చూడకుండా పక్కవాడి పుస్తకం చూసి రాసుకొనేవారు ఎందరు? వారిని ఎవరైనా, ఎందుకని అడిగారా?